థియేటర్ బయట బెంచీ

ఉదయం ఎనిమిదైంది. ఆసుపత్రి వాళ్లిచ్చిన అంగీకార పత్రం నాలుగు రోజులుగా భోజనాల బల్ల మీదే పడి ఉంది. భర్త సంతకం చేశాడు. దాని కింద భార్య సంతకానికి వదిలిన చోటు ఖాళీ. ఇరవై ఆరేళ్లుగా ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా పనిచేస్తున్న ఆవిడ, ఆ కాగితాన్ని పక్కకు నెట్టి భర్త ముందు కంచం పెట్టింది.

ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. కిడ్నీ మీద చిన్న గడ్డ ఉందని పది రోజుల క్రితం తేలింది. రోబోతో చేస్తే గడ్డ మట్టుకు తీసి కిడ్నీని కాపాడవచ్చని డాక్టరు చెప్పాడు.

“మా థియేటర్‌లో పెద్ద డాక్టరుగారి చేతే చేయిద్దాం. ఆయన చెయ్యి నాకు తెలుసు,” అంది ఆవిడ.

“ఆయనైతే కిడ్నీ మొత్తం తీసెయ్యాలన్నారుగా. ఆయనే నాన్నని ఈ రోబో డాక్టరు దగ్గరికి పంపారు. ఇంకా ఏంటమ్మా నీ పట్టు?” అంది కూతురు విసుగ్గా.

“మీ నాన్నని మరమనిషి చేతిలో పెట్టమంటావా?”

“డాక్టరే పక్కన కూర్చుని నడిపిస్తాడని మొన్న పక్కింటావిడకి చెప్పింది నువ్వే కదా.”

భర్త కంచం ముందుకు తోసేశాడు. “గడ్డ కన్నా నీ సణుగుడే ఎక్కువ బాధపెడుతోంది. అసలు సంగతి చెప్పు. ఆ డాక్టరుకి పని రాదా?”

“వచ్చు. ఇలాంటి ఆపరేషన్లు నూట నలభై చేశాడు.”

“మరి?”

ఆవిడ చేతిలోని గరిటె బల్ల మీద ఠక్కున పడింది.

“ఆ రోబో గదిలోకి నన్ను రానివ్వరు. మిషను ట్రైనింగుకి ఆరుగురిని తీసుకున్నారు. అందరూ నేను పని నేర్పిన పిల్లలే. నా పేరు లేదు. రెండు నెలలైంది, మీకు చెప్పలేకపోయాను. పెద్ద డాక్టరుగారైతే నన్ను పక్కన ఉండనిచ్చేవారు. ఎవరెవరి ప్రాణాలకో కాపలా ఉన్నాను. మీ దగ్గరికొచ్చేసరికి బయట కూర్చోవాలా?”



“నువ్వు లోపలుంటేనే నాకు భయం,” అన్నాడు భర్త మెల్లగా. “నీ మొహంలో కంగారు దాగదు.”

“మీకు మత్తిస్తారండీ.”

“ఇచ్చేలోపు చూస్తానుగా.”

ఆవిడకు నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చేసింది.

“రెండు నెలలు నీలో నువ్వే కుమిలిపోయావా? నాతో ఒక్క మాట అనకూడదూ,” అన్నాడాయన.

ఆవిడ కళ్లు తుడుచుకుని కాగితం మీద సంతకం పెట్టింది.

గురువారం ఆవిడ థియేటర్ బయట బెంచీ మీద కూర్చుంది. ఇన్నేళ్లలో ఆ తలుపు తీసుకుని వచ్చి ఎంతమందికి “కంగారు పడకండి” అని చెప్పిందో. చెప్పి, వాళ్ల మొహాలైనా సరిగ్గా చూడకుండా వెనక్కి వెళ్లిపోయేది. ఆ మాట ఏ మూలకూ చాలదని ఆవిడకు ఈ రోజే తెలిసింది.

మూడు గంటల తర్వాత, తను పని నేర్పిన అమ్మాయే బయటికి వచ్చింది.

“అక్కా, గడ్డ ఒక్కటే తీశారు. కిడ్నీ నిలిచింది.”

ఆవిడ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. “ఇంకోసారి చెప్పమ్మా.”

ఆ అమ్మాయి వెనక్కి వెళ్లిపోలేదు. పక్కన కూర్చుని, మొదటి నుంచీ చెప్పింది.