ఫ్యూజు తీసిన నీలం కారు

రండి, ఇంకాస్త ముందుకు జరగండి. వెనక నిలబడ్డవాళ్ళు కూడా కూర్చోండి. నా గొంతు పెద్దది కాదు, పైగా ఈమధ్య నాలుగు మాటలకే ఆయాసం. ఒక్కటే మనవి... మధ్యలో లేచి వెళ్ళొద్దు. వెళ్ళినవాళ్ళు బండి నడుపుకుంటూ ఇంటికి పోవాలి కదా, అదీ నా బెంగ.

దేవుణ్ణి తలుచుకుని మొదలుపెడతాను.

నేను బ్రేకుల మేస్త్రీని. ముప్పై రెండేళ్ళుగా అదే పని. మా షెడ్డు వెనకే రేసు ట్రాకు. ఆదివారం వస్తే మోజున్నవాళ్ళు కార్లు తెచ్చి తిప్పుకుంటారు. వాళ్ళలో ఒక పళ్ళ డాక్టరు గారు ఉండేవారు. రెండే సీట్ల నీలం స్పోర్ట్స్ కారు ఆయనది. భార్య కూడా వచ్చేది. పొట్టి మనిషి, సీటు స్టీరింగుకి ఆనేదాకా జరుపుకుంటే తప్ప కాళ్ళు అందవు. "మేస్త్రీ గారూ, నేను రెండో పెళ్ళాన్నండీ, మొదటిది ఈ కారే" అని నవ్వేది.

ఆ ఆదివారం డాక్టరు గారు ఏబీఎస్ తీసెయ్యమన్నారు. ఏబీఎస్ అంటే తెలుసుగా... గట్టిగా బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుని జారిపోకుండా, పట్టి వదులుతూ, పట్టి వదులుతూ ఆపుతుంది. అప్పుడు పెడల్ కాలి కింద గడగడా కొట్టుకుంటుంది. రేసు మోజున్నవాళ్ళకి ఆ కొట్టుకోవడం పడదు.

"చక్రం నా కాలి మాట వినాలి మేస్త్రీ, మిషను మాట కాదు. పన్ను పీకినట్టు ఫ్యూజు పీకెయ్."

"పన్ను పీకితే నొప్పి మీకు కాదు కదండీ, అందుకే అంత తేలిగ్గా చెబుతారు" అన్నాను. ఆవిడ పడీపడీ నవ్వింది.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. బండిలోంచి ఏది తీసినా పసుపు టేపుతో స్టీరింగు మధ్యలో అంటిస్తాం. ఎక్కే మనిషి ముందు దాన్నే చూడాలి. ఆ రోజు టేపు అయిపోయింది. కొత్త చుట్ట బీరువాలో ఉంది. పది అడుగులు... మోకాళ్ళు నొప్పి. సాయంత్రం మళ్ళీ పెట్టేదే కదా అని గోరంత ఫ్యూజుని చొక్కా జేబులో వేసుకున్నాను.

సాయంత్రానికి పదకొండు బండ్లు చూశాను. డాక్టరు గారు దూరం నుంచి కేకేశారు, "అంతా సర్దేశావా?" నేను చేతులు కడుక్కుంటూ "ఆఁ, అయిపోయిందండీ" అన్నాను. అబద్ధమాడాలని కాదు. అలసిపోయినవాడి నోటికి అదొక్కటే మాట వస్తుంది.

డాక్టరు గారు అలిసిపోయారని ఆవిడే నడిపింది. ఆయన పక్క సీట్లో నిద్రపోయారు. దారిలో వాన. మలుపు.

ఆయన కాలు విరిగి బతికారు. ఆవిడ లేదు.

మూడో రోజున మా ఆవిడ బట్టలు ఉతుకుతూ, "ఏమండీ, జేబులో ఇదేంటి?" అంది. చూశాను. "పనికిరానిది, పారెయ్" అన్నాను.

అందరూ ఒకటే మాట. కంగారులో బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కేసిందట. ఆవిణ్ణి కన్నతల్లి కూడా అదే నమ్మింది. నేను ఊరుకున్నాను. ఎనిమిది నెలలు ఊరుకున్నాను. రోజూ దేవుడి ముందు దణ్ణం పెట్టుకునేవాణ్ణి. ఆయన మాత్రం ఏం చేస్తాడు, నోరు విప్పాల్సింది నేనైతే.

తొమ్మిదో నెలలో నీలం కారు మళ్ళీ వచ్చింది. వేరేచోట బాగు చేయించారు, ఫ్యూజులన్నీ కొత్తవి వేశారు. డాక్టరు గారు కుంటుకుంటూ దిగారు. గడ్డం మాసిపోయి ఉంది.

"ఏబీఎస్ తీసెయ్ మేస్త్రీ. ఇప్పుడే ట్రాకెక్కుతా."

"వాన పడుతోందండీ."

"పడనీ. త్వరగా ఇంటికెళ్ళాల్సిన పని నాకేముంది?"

ఆ మాట అన్న తీరులోనే తెలిసిపోయింది. ఈ మనిషి తిరిగొచ్చే ఉద్దేశంతో వెళ్ళడం లేదు. వద్దనాలి. వద్దంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెబితే... ఆయన లోపల గదిలో కూర్చున్నారు. నేను బానెట్ ఎత్తాను.

నాలుగైనా కాలేదు, కరెంటు పోయింది. షెడ్డంతా చీకటి. రేకుల మీద వాన. రబ్బరు వాసన, పాత నూనె వాసన. ఫ్యూజు పీకి పిడికిట్లో పట్టుకున్నాను. బండి స్టార్ట్ చేస్తే పసుపు దీపం వెలిగింది. ఏబీఎస్ పనిచేయడం లేదని దానర్థం. సరిచూద్దామని తడి సిమెంటు మీద కాస్త ముందుకి పోనిచ్చి గట్టిగా బ్రేకు తొక్కాను.

చక్రాలు బిగుసుకుని జారాలి.

జారలేదు.

కాలి కింద పెడల్... గడగడా కొట్టుకుంది. బండి మెత్తగా ఆగింది.

పిడికిలి విప్పి చూశాను. ఫ్యూజు చేతిలోనే ఉంది.

ఇంజను ఆపేశాను. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. నా కాలు పెడల్ మీదే ఉంది. పెడల్ కొట్టుకోవడం మానలేదు. నిదానంగా... ఓపిక లేనట్టు... పట్టి, వదిలి... పట్టి, వదిలి...

తడి జుట్టు వాసన వచ్చింది.

నేను కూర్చున్న సీటు ముందుకి జరిగింది. అంగుళం. ఇంకో అంగుళం. మోకాళ్ళు స్టీరింగు కింద ఇరుక్కున్నాయి. కాలు లాక్కోబోయాను. రాలేదు. బూటు మీద ఏదో బరువు... చల్లగా... చిన్న పాదమంత. నాతో కలిసి తొక్కుతోంది. శక్తి కొద్దీ తొక్కుతోంది.

చెవి పక్కన, అలిసిపోయిన గొంతు.

"నేను బ్రేకే తొక్కాను కదండీ..."

దేవుడి పేరు నోటికి రాలేదు. "తొక్కావమ్మా" అన్నాను. "బ్రేకే తొక్కావు."

కాలు వదిలింది.

ఎలా దిగానో తెలియదు. గదిలోకి వెళ్ళి డాక్టరు గారి ముందు కింద కూర్చున్నాను. జేబు, టేపు, నేనన్న "అయిపోయింది", అన్నీ చెప్పాను.

కొడతారనుకున్నాను, కొట్టలేదు.

"అయితే... ఆవిడ బ్రేకే తొక్కిందా?"

"బ్రేకేనండీ. నిండుగా తొక్కింది."

ఆయన చేతుల్లో మొహం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ట్రాకెక్కలేదు. ఆ సాయంత్రమే ఇద్దరం ఆవిడ తల్లి దగ్గరికి వెళ్ళి అదే మాట చెప్పాం. ఆ పెద్దావిడ నా మొహం మీదే తలుపేసింది. వేయాల్సిందే.

కారుని డాక్టరు గారు నాకే వదిలేశారు. బ్యాటరీ తీసేశాను. చక్రాలు ఊడదీసి దిమ్మల మీద నిలబెట్టాను. నిజం బయటపడింది కదా, ఆవిడకి విశ్రాంతి దొరికిందనే అనుకున్నాను.

మొన్న మళ్ళీ వాన పడి కరెంటు పోయింది. చీకట్లో ఆ కారు వెనక లైట్లు వెలిగాయి. ఎర్రగా. ఎవరో బ్రేకు తొక్కినట్టు... వదిలి... మళ్ళీ తొక్కినట్టు. బ్యాటరీ లేని బండికి.

సరే, ఆ బండే కదా అని తల తిప్పుకున్నాను. దాని పక్కన పొద్దున వచ్చిన తెల్ల కారు ఉంది. ఎవరిదో తెలియదు. నేనింకా దాని బానెట్ కూడా ఎత్తలేదు.

దానికీ వెలిగాయి. అందులోంచి ఎవరు ఏం తీసి చెప్పకుండా ఊరుకున్నారో!

అందుకే నాయనలారా, అమ్మలారా, ఒక్క పని గుర్తుపెట్టుకోండి. మీ చేత్తో ఎక్కడైనా ఏదైనా తీసి ఉంటే, వెళ్ళి ఆ మనిషికి నోరు తెరిచి చెప్పండి. ఈ రోజే చెప్పండి. రేపు ఇంకోటి తీస్తే, రేపు మళ్ళీ చెప్పండి.