ఎవరు ముందు తాగాలి?

కాఫీ మిషన్ కొనడానికి వచ్చిన మనిషిని "మీ ఇంట్లో నీళ్ళు ఉప్పగా ఉంటాయా?" అని అడిగే అంగడివాణ్ణి రత్నమణి అంతవరకూ చూడలేదు.

ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళ వీధి దాటితే కమాల్ బాషా గారి షాపు. మిక్సీలు, ఫ్రిజ్‌లు, గ్రైండర్లు అన్నీ ఉంటాయి. కాఫీ మిషన్ల దగ్గర నిలబడే కృపావరం కువైట్‌లో కాఫీ షాపులో పనిచేసి వచ్చినవాడు. సరుకు అమ్మడంకంటే వద్దని చెప్పడంలోనే ఇతనికి సంతోషం ఎక్కువలా ఉందని రత్నమణికి తోచింది. తళతళలాడే పెద్ద మిషన్‌ను చూపిస్తే, దానికి గింజలు పొడి చేసే యంత్రం వేరే కొనాలి, వంటింటి బండ సగం దానికే పోతుంది అన్నాడు. చవకదాన్ని చూపిస్తే, అది మీ ఇంటి నీళ్ళకు ఏడాది కూడా నిలవదు అన్నాడు.

"ఏమప్పా, నువ్వు మిషన్లు అమ్మేవాడివా, సంబంధాలు చూసేవాడివా?" అంది రత్నమణి.

"రెండూ ఒకటే మేడమ్. ఒకసారి ఇంట్లోకి వచ్చినాక మార్చుకునేదానికి ఉండదు."

ఆమెకు కోపం రావాలి. నవ్వొచ్చింది. ఆ నవ్వును ఆపుకోవడానికి పక్కనున్న మిక్సీ మూత తీసి లోపలికి తొంగి చూసింది.

రత్నమణి జమ్మలమడుగులో లెక్కల టీచరు. వాళ్ళ నాయన వెంకటయ్య కాఫీ లేనిదే మంచం దిగడు, కానీ ఇంటి బయట గుక్కెడు కాఫీ తాగడు. వయసులో ఉన్నప్పుడు పెద్దముడియం అవతల పల్లెలో ఒక నాయకుడి వెంట తిరిగిన మనిషి. ఆ రోజుల్లో ఎవరింట్లో కాఫీ తాగితే వాళ్ళ మనిషికింద లెక్క. ఎవరు ఏం కలిపి ఇస్తారోనన్న భయం వేరే. ఊరు వదిలి వచ్చినా ఆ భయం వదల్లేదు. అంగడిలో కొన్న పొడిని కూడా నమ్మడు. వేయించిన గింజలు తెచ్చి, ఇంట్లో చేతి మరలో ఆడించాల్సిందే. ఇన్నేళ్ళూ ఆ మర తిప్పి తిప్పి అమ్మ సుశీలమ్మ మణికట్టు వాచిపోయింది. మిక్సీలో వేస్తే పొడి కమురు వాసన వస్తోందని వెంకటయ్య కప్పు పక్కన పెట్టేశాడు. అందుకే, పైన గింజలు పోస్తే తనే పొడి చేసుకుని తనే కాఫీ దించే చిన్న మిషన్ కోసం ఆమె తిరుగుతోంది.

కృపావరానికి ఇందులో సగమే చెప్పింది. నాయనకు బయటి పొడి పడదు, అంతే. అతను ఏ ఊరు మేడమ్ మీది అంటే, ఈడే, జమ్మలమడుగు అంది. మరి మీది అంటే, ఈడే, ప్రొద్దుటూరు అన్నాడు.

ఆ ప్రాంతంలో కొత్త మనిషిని మొదట అడిగేది ఊరే. ఊరు తెలిస్తే వర్గం తెలుస్తుంది, వర్గం తెలిస్తే మిగతాదంతా తెలిసిపోతుంది. అందుకని గొడవల్లో ఊరు వదిలిన వాళ్ళు పిల్లలకు నడకతోపాటు ఈ జవాబు కూడా నేర్పిస్తారు. ఇద్దరూ తమకు నేర్పిన జవాబే చెప్పారు. ఆ వెంటనే, ఒకరిమీద ఒకరికి ఏ అనుమానమూ లేకుండా, ఒకరినొకరు ఇష్టపడటం మొదలుపెట్టారు.

శనివారం శనివారం రత్నమణి బస్సెక్కి వచ్చేది. పొడి సన్నగా ఉంటే కాఫీ ఎందుకు చేదవుతుందో అతను చెప్పేవాడు. ఆమె మధ్యలో ప్రశ్న వేస్తే తడబడి మళ్ళీ మొదటినుంచి చెప్పేవాడు. ఏ మిషన్ కొనాలో ఎప్పుడో తేలిపోయిందని ఇద్దరికీ తెలుసు. తేలిపోయిందని ఇద్దరూ అనలేదు.

ఒకరోజు ఆమె, గింజలు ఆడేటప్పుడు ఎంత శబ్దం వస్తుందని అడిగింది. గిన్నె కింద పడినా వాళ్ళ నాయన ఉలిక్కిపడతాడు. ఎందుకని కృపావరం అడగలేదు. షాపులో ఆ రకం మిషన్ అప్పటికి లేదు. పులివెందులలో ఒక డాక్టరుగారు వీళ్ళ దగ్గరే కొన్నారు, పోయి చెవులారా వినొచ్చు అన్నాడు. అమ్మకు చెప్పే వచ్చింది రత్నమణి. ఎవరితో పోతున్నదీ మాత్రం చెప్పలేదు.

డాక్టరుగారి భార్య మిషన్ నడిపి చూపించింది. శబ్దం మిక్సీలో సగం కూడా లేదు. ఆవిడ కాఫీ అందిస్తూ, పెళ్ళయి ఎన్నాళ్ళయిందమ్మా అని అడిగింది. ఇద్దరూ చటుక్కున మిషన్ వైపు తిరిగి దాని నీళ్ళ డబ్బా గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

తిరుగు బస్సులో వాన పట్టుకుంది. కిటికీ అద్దం కిందికి దిగనని మొరాయించింది. జల్లంతా రత్నమణి మీదే పడుతుంటే కృపావరం సీటు మారి, తన వీపును కిటికీకి అడ్డం పెట్టి కూర్చున్నాడు. ఈ మనిషిని వదులుకోకూడదని ఆమె అనుకున్నది అప్పుడే.

ముద్దనూరు దగ్గర బస్సు ఆగింది. ఎన్నికల ఊరేగింపు. ముందు జీపులో ఇద్దరు నాయకులు ఒకే పార్టీ కండువాలతో, ఒకరి భుజంమీద ఒకరు చేయి వేసుకుని నవ్వుతున్నారు.

"ఆ ఎడమ పక్కనాయప్ప కోసమే మా నాయన కుడి చెయ్యి చెడగొట్టుకున్నాడు. ఇప్పుడు చూడు, ఎట్ల నవ్వుతాండాడో" అన్నాడు కృపావరం.

రత్నమణి ఆ జీపునే చూసింది. "కుడి పక్కనాయప్ప కోసమే మా ఇల్లు కాలిపోయింది" అంది.

అంటే ఒకే ఊరు. ఒకే గొడవ. ఎదురెదురు వర్గాలు. జల్లు ఇంకా కిటికీలోంచి కొడుతూనే ఉంది. జమ్మలమడుగు వచ్చేవరకూ అతను కిటికీ దగ్గరనుంచి లేవలేదు.

మరుసటి రోజు రత్నమణి ఇంట్లో అంతా చెప్పేసింది. వెంకటయ్య అరుస్తాడనుకుంది. ఆయన అరవలేదు, అందుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది. సుశీలమ్మ మెల్లగా పాత సంగతి విప్పింది. వెంకటయ్య కట్టె దెబ్బకే కృపావరం నాయన సత్యానందం కుడిభుజం దిగిపోయింది. సత్యానందం వైపువాళ్ళు పెట్టిన నిప్పుకే వీళ్ళ ఇల్లు పోయింది. నాయకులు రాజీ పడ్డాక, రెండు కుటుంబాలూ పోయే చర్చి పాస్టరుగారు వీళ్ళిద్దరినీ కూడా పిలిచి, ఎదురుగా చెరో కప్పు పెట్టించారట. ముందు తాగినవాడు తగ్గినట్టు. ఇద్దరూ ఎదుటివాడి కోసం చూస్తూ కూర్చుంటే కాఫీమీద మీగడ కట్టిందట. లేచి ఎవరి దారిన వాళ్ళు పోయారట.

"పిల్లోడు మంచోడే కావచ్చు. పెండ్లంటే వాళ్ళ నాయనతో కూర్చోని తాగల్ల కదా. ముందు ఆ సత్యానందాన్ని తాగమను" అన్నాడు వెంకటయ్య.

కృపావరం ఫోన్ చేశాడు. వాళ్ళ నాయనా అదే మాట అన్నాడట, పేరొక్కటే మార్చి.

ఇక రానని ముఖాముఖి చెప్పడానికే రత్నమణి ఆ శనివారం షాపుకు వెళ్ళింది. కృపావరం ఎవరో ఆలుమగలకు, అప్పుడే వచ్చిన చిన్న మిషన్ నడిపి చూపిస్తున్నాడు. కాఫీ దిగే మూతికి రెండు గొట్టాలు. కింద రెండు కప్పులు పెట్టి మీట నొక్కాడు. అవే గింజలు, అవే నీళ్ళు, రెండు కప్పుల్లోనూ ఒకేసారి దిగాయి. ఏడవడానికి సిద్ధపడి వచ్చిన రత్నమణి కన్నార్పకుండా చూసింది. ఆలుమగలు వెళ్ళగానే అతని దగ్గరికి నడిచింది.

"ఇద్దరికీ ఒకేసారి పోస్తే, ముందూ వెనకా అని యాడుంటాది?" అంది.

ఇద్దరు తండ్రులనూ ఒప్పించడానికి కమాల్ బాషా గారు పూనుకోవాల్సి వచ్చింది. ఆ వీధిలో అన్ని పార్టీలవాళ్ళకూ మిక్సీలు అమ్మినవాడు కాబట్టి ఆయన మాటకు ఎదురులేదు. చోటు షాపే. గింజలు వెంకటయ్య తన ఇంటినుంచి తెచ్చుకోవాలి. నీళ్ళు సత్యానందం తన ఇంటినుంచి తెచ్చుకోవాలి. అప్పుడు ఎవరికీ ఏ అనుమానమూ ఉండదు.

ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరూ వచ్చారు. ఒకరు సంచి, ఒకరు బాటిలు బల్లమీద పెట్టి, ఎడంగా కూర్చున్నారు. మీట రత్నమణే నొక్కింది.

మిషన్ గుర్రుమంది. ఇద్దరు ముసలివాళ్ళూ ఒక్కసారే ఉలిక్కిపడి తల కాచుకోవడానికి చేతులెత్తారు. వెంకటయ్య చేతులు రెండూ పైకి లేచాయి. సత్యానందం ఎడమ చెయ్యి ఒక్కటే లేచింది. కుడి చెయ్యి రొమ్ముదాకా వచ్చి ఆగిపోయింది. వెంకటయ్య అది చూశాడు.

కప్పులు రెండూ ఒకేసారి నిండాయి. కానీ ఎవరూ ముట్టుకోలేదు. పోయడం ఒకేసారి పోయవచ్చు, ఎత్తడం ఎవరో ఒకరే ముందు ఎత్తాలి. లెక్కల టీచరుకు ఆ లెక్క అప్పుడు తెలిసొచ్చింది. తాను చేసిందంతా దండగే అనుకుంది. నురగ సన్నగా విరిగిపోతోంది. కృపావరం ఆమెవైపు చూడలేక గోడవైపు చూశాడు.

వెంకటయ్య చెయ్యి చాపి కప్పు ఎత్తాడు. తాగాడు. ఇంటి బయట, ఇంకొకరి నీళ్ళతో, అందరి ఎదుటా, ఎవరికంటే ముందో చూసుకోకుండా తాగాడు.

"భుజం ఎట్లుండాది బావా?" అన్నాడు.

ఆ ఇద్దరి మధ్యా ఎన్నడూ లేని వరస అది. మన పిల్లను ఎవరి కొడుక్కు ఇస్తామో ఆ మనిషినే అట్లా పిలుస్తాం. సత్యానందం ఎడమచేత్తో కప్పు అందుకుని, ఒక గుక్క తాగి, ముఖం తుడుచుకున్నాడు.

"చలికాలం పట్టుకుంటాది బావా. ఇప్పుడేం లేదులే" అన్నాడు.

రత్నమణి ఏడ్చేసింది. కృపావరం వచ్చి, పెద్దలు చూస్తున్నారని కూడా లేకుండా, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కాఫీ శానా చేదుగా ఉందని, పాలు తెప్పించమని ముసలివాళ్ళిద్దరూ కలిసి కమాల్ బాషాను సతాయిస్తున్నారు.