నలభై కిలోమీటర్ల టెస్ట్ డ్రైవ్

"ఇది మూడోసారి!" అంటూ కళ్లజోళ్ల షాపు అమ్మాయి కారు తాళం బల్ల మీద పెట్టింది. పెట్టింది అనడం మర్యాద కోసం. నిజానికి విసిరింది.

మెకానిక్ తలెత్తలేదు. తలెత్తితే మాట్లాడాలి. ఆ ఒక్క విద్యా అతనికి అబ్బలేదు. షెడ్డులో అందరూ అతన్ని మౌనస్వామి అనేది ఊరికే కాదు.

"బ్యాటరీ మీద నిక్షేపంలా నడుస్తుంది. ఇంజన్ అందుకోవాల్సి వచ్చేసరికి నాలుగుసార్లు దగ్గి చతికిలబడుతుంది. మొదటిసారి స్పార్క్ ప్లగ్గులు మార్చారు. రెండోసారి స్టార్టింగ్ బ్యాటరీ మార్చారు. ఈసారి ఎవర్ని మారుస్తారు, నన్నా?"

"చూస్తానండి."

"ఆ మాట కూడా మూడోసారే!"

ఆమెది ప్లగ్-ఇన్ హైబ్రిడ్. ఇంట్లో ప్లగ్గుకి తగిలించి ఛార్జ్ చేసుకుంటే బ్యాటరీ మీద నడుస్తుంది. ఛార్జ్ అయిపోతే పెట్రోల్ ఇంజన్ దానంతటదే అందుకోవాలి; ఛార్జ్ ఉన్నా అప్పుడప్పుడు కాసేపు అందుకుంటుంది. ఆ అందుకోవడం దగ్గరే వచ్చింది చిక్కంతా.

ఆమె అటు వెళ్లి బెంచీ మీద కూర్చోగానే సూపర్‌వైజర్ వచ్చాడు. "ఒరేయ్ స్వామీ, ఈ బండి మళ్లీ తిరిగొచ్చిందంటే కంపెనీ పెద్ద వర్క్‌షాప్‌కి పంపించేస్తా. ఇంక నీ చేతికి రాదు."

బండి రాకపోతే రాకపోయింది. దాన్ని తెచ్చే మనిషి కూడా రాదు కదా, అదీ మెకానిక్ బెంగ.

అతనిది ఒక్క గది, ఒక్క కంచం. పొద్దున బకెట్ మీద పెట్టిన మగ్గు సాయంత్రం కూడా అక్కడే ఉంటుంది. కదిపేవాళ్లుంటే కదా! ఈ రెండు నెలల్లో అతనితో ఆగి నాలుగు మాటలు, తిట్లే కానీ, మాట్లాడిన మనిషి ఈమె ఒక్కతే. బాగుచేయకపోతే బండి పోతుంది. బాగుచేస్తే ఇంక ఆమెకి ఇక్కడ పనే ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అయినా పనిలో దొంగవేషాలు వేయడం అతనికి రాదు. స్కానర్ తగిలించాడు. ఇంజన్ తిరుగుతోంది కానీ మండటం లేదు. పెట్రోల్ ట్యాంకు మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పాత వార్నిష్ డబ్బా తెరిచినట్టు వాసన.

బెంచీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. "పెట్రోల్ ఎప్పుడు కొట్టించారండి?"

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది. "పదకొండు నెలలు."

"పదకొండు నెలలా!"

"అబ్బో, మీకు గొంతు కూడా ఉందే! ఏం, కొట్టించకూడదా?"

"నిలవ పెట్రోల్ పాడైపోతుందండి. తప్పు బండిది కాదు."

"మరి ఈ ప్రశ్న మొదటిసారే అడగొచ్చుగా?"

"అడగడం అలవాటు లేదండి."

"మా షాపులో ముందు మనిషిని కూర్చోబెట్టి అన్నీ అడుగుతాం. ఆ తర్వాతే కంటికి అద్దం పెడతాం. మీరు మాత్రం మనిషిని వదిలేసి కారునే అడుగుతూ కూర్చున్నారు."

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"దూరం ఎక్కడికీ వెళ్లరాండి?" ఒక ప్రశ్న అడిగాక రెండోది కాస్త సులువుగానే వచ్చింది.

ఆమె వెక్కిరింపు ఆగిపోయింది. "రూమ్మేట్ ఉండేది. సెలవొస్తే చాలు, ఇద్దరం కారేసుకుని ఊళ్ల మీద పడేవాళ్లం. దానికి పెళ్లయింది, వెళ్లిపోయింది. ఇప్పుడు ఇల్లు, షాపు. మూడు కిలోమీటర్లు. దానికి పెట్రోలెందుకు?"

మధ్యాహ్నానికి అతను ట్యాంకు ఖాళీ చేసి, గొట్టాలు కడిగి, కొత్త పెట్రోల్ పోశాడు. ఇంక టెస్ట్ డ్రైవ్ మిగిలింది. బ్యాటరీ పూర్తిగా దిగి ఇంజన్ దానంతటదే అందుకుంటే తప్ప బాగైందని చెప్పడానికి లేదు. అంటే నలభై కిలోమీటర్లు. ఆమె స్టీరింగ్ పట్టుకుంది. అతను పక్కన కూర్చున్నాడు.

ఊరు దాటేసరికి చినుకులు మొదలయ్యాయి. అద్దం మీద వానకి తొందరేం లేదు. డాష్‌బోర్డు మీద ఛార్జ్ అంకె మాత్రం ముప్పై, ఇరవై, పది అంటూ పడిపోతోంది. కాస్త నెమ్మదిగా దిగవే తల్లీ అని అతను లోపల్లోపలే బతిమాలుకున్నాడు.

"ఇంటికెళ్లగానే ఛార్జింగ్ పెడతాను," ఆమె రోడ్డు మీదే చూపుంచి అంది. "నిండుగా ఉన్నా పెడతాను. ఇంకో పనేం ఉంటుంది చెప్పండి?"

అతనికి తన బకెట్ మీది మగ్గు గుర్తొచ్చింది. ఆ మాట బాగా అర్థమైంది.

ఒక మలుపు దగ్గర ఎత్తు ఎక్కుతుండగా ఇంజన్ ఒక్క దగ్గు కూడా లేకుండా అందుకుంది. ఆమె చిన్నపిల్లలా కేకపెట్టింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"బాగైంది కదా! మొహం అలా పెట్టారేం?"

"బాగైంది కాబట్టేనండి."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఆమె కారుని రోడ్డు పక్కకి తీసి ఆపింది.

"అంటే?"

"ఇంక మీరు షెడ్డుకి రారు కదండీ. మీరు పోట్లాడి వెళ్లిన రోజు, గదికెళ్లి ఆ మాటలన్నీ మళ్లీ ఒకసారి అనుకుంటాను. నాతో అంతసేపు ఎవరూ మాట్లాడరండి."

ఆమె వైపర్లు కట్టేసింది.

"కిందటిసారి మీ షెడ్డు నుంచి వెళ్లాక రెండు రోజులు నాకు మీ మీద ఒకటే కోపం. మూడో రోజుకి అది కూడా చల్లారిపోయింది. అప్పుడు ఇల్లు బావురుమంది." మళ్లీ స్టీరింగ్ మీద చేతులు వేసింది. "సరే, ఇప్పుడీ బండికి పథ్యం ఏమిటి?"

"వారానికోసారైనా ఇంజన్ తిరగాలండి. ఇంత దూరం."

"ఒక్కదాన్నీ ఎక్కడికని వెళ్లను?"

 ఇప్పుడు ఊరుకుంటే కారుతో పాటు ఆమె కూడా వెళ్లిపోతుందని అతనికి తెలుస్తూనే ఉంది.

"ఆదివారం నాకు సెలవండి. నేను రానా?"

ఆమె తిరిగి అతని కళ్లలోకి చూసింది. వృత్తి కొద్దీ చూసే చూపు కాదు.

"తొమ్మిదింటికి రండి. కానీ దారంతా నేనే వాగుతూ కూర్చోను. మీరూ మాట్లాడాలి."

"ఏం మాట్లాడాలండి?"

"ఏదో ఒకటి. ముందు నా పేరేమిటో అడగండి. మూడుసార్లు వచ్చాను, ఒక్కసారైనా అడిగారా?"

బిల్లు రాసిన ప్రతిసారీ ఆమె పేరు అతనే రాశాడు. అది అతనికి కంఠతా వచ్చు. అయినా అడిగాడు. ఆమె చెప్పింది.