చేరిన్ వెనక్కి తీసుకున్న సలహా

పెళ్లి గురించి అడిగినవాడికి పన్ను గురించి చెప్పి పంపినందుకు తనకే క్లాసు ఫస్టు వస్తుందని చేరిన్ గట్టిగా నమ్మింది.

చున్‌చన్ ఊళ్లోని లా కాలేజీలో ఆఖరి ఏడాది ప్రతి గురువారం పన్ను సలహాల ప్రాక్టీసు. ఒకరు క్లయింటు, ఒకరు కన్సల్టెంటు. ఓక్ ప్రొఫెసర్ గారివి రెండే నియమాలు. క్లయింటు తన సొంత విషయమే చెప్పాలి, ఎందుకంటే కట్టుకథ రెండో ప్రశ్నకే దొరికిపోతుంది. కేసులో కన్సల్టెంటుకి సొంత లాభం ఉంటే ఆ మాటే రాసి, ముద్ర వేసి, తప్పుకోవాలి.

పరీక్ష రోజు చేరిన్‌కి క్లయింటుగా వచ్చినవాడు మూజిన్. మూడేళ్లుగా ఆమె పక్క సీటువాడు, ఆమె నోట్సు మీదే బతికినవాడు.

"చెప్పండి, క్లయింట్ గారూ."

"అమ్మమ్మ రాసిచ్చిన ఫ్లాట్ ఉందండి నాకు. నేను చేసుకోవాలనుకుంటున్న అమ్మాయికీ సొంతిల్లుంది. పెళ్లి రిజిస్టర్ చేయిస్తే రెండిళ్లూ ఒకే కుటుంబం కింద లెక్కేసి పన్ను పెంచుతారా?"

చేరిన్ గుండె కలుక్కుమంది. వీడికో అమ్మాయా! ఒక్కసారైనా చెప్పాడా?

"ఆవిడ ఇల్లు ఎంత విస్తీర్ణం? ఏ సంవత్సరంలో వచ్చింది?"

"చిన్నదేనండి. రెండేళ్లయింది. వానొస్తే ఆ ఇంటి మెట్లు..."

"అడిగినదానికే జవాబు చెప్పండి."

ఇరవై మూడు ప్రశ్నలు అడిగింది. అన్నీ ఫారంలో ఉన్నవే. చివరికి 'ఒక ఇల్లు అమ్మేవరకు పెళ్లి వాయిదా వేసుకోవడం మేలు' అని రాసి, ముద్ర కాస్త గట్టిగానే గుద్దింది.

మూజిన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దూరాన బుసాన్‌లో ఉద్యోగం వచ్చింది, సాయంత్రంలోగా జవాబివ్వాలి. ఇక్కడ నాకేం పని లేదని తేలిపోయిందిగా, ఒప్పేసుకుంటా. థాంక్సండీ."

అతను వెళ్లాక ప్రొఫెసర్ గారు క్లయింటు తన కేసు వివరాలు ముందే రాసిచ్చిన కవరు తెరిచి ఆమె ముందుకు తోశారు.

"చట్టంలో నూటికి నూరు. వినడంలో సున్నా. ఆ అమ్మాయికి ఈ సంగతి తెలుసా అని ఒక్కసారి అడిగావా తల్లీ?"

చేరిన్ చదివింది. 'అమ్మాయి ఇల్లు నూడుల్స్ హోటల్ పైన. వానొస్తే మూడో మెట్టు మీద నీళ్లు కారతాయి. పిల్లికి ఒక చెవి సగమే. నన్ను చూస్తే బుసకొడుతుంది.'

"సార్! ఇది మా ఇల్లు!"

"క్లాసులో అందరికీ తెలుసు," అన్నారాయన టీ ఊదుకుంటూ.

చేరిన్ ఇంకో కాగితం లాక్కుంది. రెండు ముక్కలు రాసి, ముద్ర వేసి, గొడుగు సంగతే మరిచి వానలో పరుగెత్తింది.

బస్‌స్టాప్‌లో మూజిన్ ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు.

"బుసాన్‌కి జవాబు పంపేశావా?"

"ఇంకా లేదు. 'గౌరవనీయులైన' దగ్గరే ఆగిపోయా."

"ఆ సలహా వెనక్కి తీసుకుంటున్నా. ఇది చదువు."

తడిసిన కాగితం మీద ముద్ర వంకరగా పడి ఉంది. 'ఈ కేసులో కన్సల్టెంటుకి సొంత లాభం ఉంది. కనుక తప్పుకుంటున్నాను.'

మూజిన్ రెండుసార్లు చదివాడు. మూడోసారి పైకే చదివాడు. ఫోన్ జేబులో పడేశాడు.

"మరి నా పన్ను సంగతి ఎవరినడగాలి, కన్సల్టెంట్ గారూ?"

"ఎవరినైనా అడుగు," అంది చేరిన్, మొహం మీది నీళ్లు తుడుచుకుంటూ. "నన్నడిగితే మాత్రం కట్టేద్దామంటాను."