బేరం ఆడని చీర

చిత్తూరు మురకంబట్టు చుట్టుపక్కల అంగడివాళ్లకు మునిలక్ష్మి అంటే ఇప్పటికీ కాస్త బెదురే. సంచి పట్టుకుని ఆమె మెట్టెక్కిందంటే ఆ పూట లాభం మీద ఆశ వదులుకోవాల్సిందే. చెప్పిన ధరలో సగం అడుగుతుంది. కుదరదంటే తిట్టదు, అరవదు, సంచి చంకన పెట్టుకుని మెట్టు దిగుతుంది. వీధి మలుపు తిరిగేలోపు వాడే పిలవాలి. పిలవలేదనుకోండి, వాడు చెప్పింది నిజం ధరే అన్నమాట. మర్నాడు వెళ్లి మారుమాట్లాడకుండా కొనుక్కొస్తుంది. అంత బేరం తెలిసిన మనిషి ఒక్క చీరకు మాత్రం బేరం ఆడలేదు. ఇంటి మీదికి వచ్చిందంతా అక్కడే.

ఆ పొద్దున కూడా ఎప్పటిలాగే రెండావుల పాలు పిండి, వీధిలోవాళ్లకు పోసేసి, కాఫీ గ్లాసుతో వసారాలో కూర్చుంది. ఎదురుగా కోడలు లోహిత, ఏడో నెల కడుపుతో, ఫోన్ చూసుకుంటూ ఉంది.

"ఏమ్మే, మళ్లీ ఆ కంటికి కనపడని అంగడేనా?"

"మిక్సీ చూస్తా ఉండానత్తా. బుట్టలో పెట్టినాను."

"పెట్టి వారమాయె కదా. కొంటే కొను, లేదంటే మూసెయ్. ఊరికే బుట్టలో పెట్టుకోని చూస్తా కూసుంటే పిండి రుబ్బతాదా అది?"

లోహిత నవ్వింది. "ఉండనీండి. వాళ్లే తగ్గిస్తారు. తగ్గకపోతే, ఈలోగా నాకే మోజు తీరిపోతాది. మిగిలిందే లాభం."

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు గానీ, ఈ ఇంట్లో ఆ సామెతకు పెద్దగా పనిలేదు. కొడుకు గిరిప్రసాద్ సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో పని చేస్తూ వారానికోసారి వస్తాడు. మామ మునిరత్నం పొద్దునే బెల్లం మండీకి పోతాడు. మిగిలేది ఈ ఇద్దరే. ఎత్తిపొడుచుకుంటారు, మళ్లీ ఒకే పళ్లెంలో ఉగ్గాని తింటారు. మునిలక్ష్మికి ఉన్నది ఒక్క కొడుకే. లోహితకు తల్లి చిన్నప్పుడే పోయింది. పూతలపట్టు దగ్గర మామిడితోట కౌలుకు చేసే తండ్రి సుబ్బన్నే, జడలు వేయడం కూడా నేర్చుకుని, ఆ పిల్లను పెంచాడు.

సీమంతం దగ్గర పడుతోంది. ఆ మాటొచ్చినప్పుడు పక్కింటావిడ పాలు పోయించుకుంటూ, "పుట్టింటి చీర ఎవురు పెడతారు పాపం, తల్లి లేదు కదా" అంది. వసారాలో ఆకుకూర వలుస్తున్న లోహిత తల ఎత్తలేదు. వలిచిన కాడనే మళ్లీ మళ్లీ వలిచింది. మునిలక్ష్మి అది చూసింది. ఆ రోజు నుంచి ఆమె గుండెలో ముల్లు దిగింది.

సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్లో ఒక ప్రకటన కనపడింది. అమ్మవారికి కట్టిన పట్టుచీర, ప్రసాదంగా ఇంటికే పంపుతారట. సీమంతానికి శ్రేష్ఠమట. పైన స్వామి పటం, పక్కన పసుపు కుంకుమ, ధర పదకొండు వందల పదహారు. పదహారుతో ముగిసిన ఆ ధర చూడగానే ఆమెకు సందేహమనేదే లేకుండా పోయింది. మోసగాడైతే తొంభైతొమ్మిది అని పెడతాడు గానీ పదహారు పెడతాడా? తల్లి లేని పిల్లకు సాక్షాత్తూ అమ్మవారే చీర పెడుతోందనుకుంది. ఎవరికీ చెప్పకుండా ముందు రోజే డబ్బు పంపేసింది. దేవుడి పూలకూ కర్పూరానికీ ఆ వైపు ఎవరూ బేరమాడరు. అమ్మవారి ఒంటి మీది చీరకు ఆడితే కళ్లు పోవూ?

కాఫీ తాగి ఆవుల దగ్గరికి వెళ్లిందో లేదో ఫోన్ మోగింది.

"గోవిందా తల్లీ. చీర మీ పేరున తీసి పెట్టాము. ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, త్వరపడాలి. లింకు పంపించాము. అది నొక్కి మీ పిన్ను కొడితే చీర మీ గోత్రనామాలతో ఖాయమవుతుంది."

"మళ్లీ డబ్బు కట్టల్లా సామీ?"

"రూపాయి కూడా వద్దు తల్లీ."

చేతికంటిన పేడ కడుక్కుని, తూర్పు వైపు తిరిగి, పిన్ను కొట్టింది. ఏదో ఇంగ్లీషు సమాచారం వచ్చింది. చీర బయలుదేరిందనుకుంది. అటు మాట మాత్రం తెగిపోయింది.

అంతలోనే మునిరత్నం మండీ నుంచి తిరిగొచ్చాడు, వంటాయనకు అడ్వాన్సు ఇవ్వాలని. "నీ చీటీ డబ్బులో ఐదువేలు పంపు" అన్నాడు. పాల డబ్బుతో కట్టిన చీటీ అది. ఎత్తిన నలభై వేలూ సీమంతం కోసమని బ్యాంకులో ఉంచింది. ఫోన్ నొక్కింది. పోలేదు. మళ్లీ నొక్కింది. మునిరత్నం ఫోన్ లాక్కుని చూశాడు.

"ఇందులో మున్నూరు రూపాయలే ఉండాయే."

మునిలక్ష్మికి ఇందాక వచ్చిన ఆ ఇంగ్లీషు సమాచారం గుర్తొచ్చింది. మునిరత్నం చూపు వసారాలోకి, అక్కడ గోడవారన మడిచి పెట్టిన అట్టపెట్టెల మీదికి పోయింది.

"పాల డబ్బులు పడినాయా లేదా అని ఈ ఫోన్ చూసేది నువ్వే కదమ్మా?" అన్నాడు కోడలితో.

"అవును మామా."

"పొద్దున లేస్తే ఇంటికి డబ్బాలు. ఈ ఇంట్లో ఫోన్లో కొనే యావ ఎవురికుండాదో వీధంతా తెలుసు. కావాలంటే అడిగి తీసుకుంటే ఇయ్యమంటామా? ఆవు పొదుగు కింద కూసోని కూడబెట్టిన డబ్బమ్మా అది."

లోహిత ఒక్కసారి అత్త వైపు చూసింది. ఆ చూపులో నింద లేదు, ఏదో అర్థమవుతున్నట్టుంది. మళ్లీ మామ వైపు తిరిగి, "కోపం పడొద్దండి మామా. ఫోన్ ఇట్లియ్యండి, నేను చూస్తాను" అంది మెల్లగా. నేను కాదు అని మాత్రం అనలేదు. ఒక చెయ్యి కడుపుకు అడ్డంగా పెట్టుకుంది.

గమ్మునుంటే ఈ పూటకు గడిచిపోతుందని మునిలక్ష్మి మనసులో ఒక పాడు ఆలోచన మెదిలింది. కడుపును కాచుకుంటున్న ఆ చేతిని చూశాక అది నిలబడలేదు.

"ఆ పిల్లనేమీ అనొద్దు" అంది. "పోగొట్టింది నేను."

"నువ్వా?"

"నేనే. అమ్మవారి చీరని చెప్పి ఎవుడో ఫోన్ చేసినాడు. పిన్ను కొట్టమంటే కొట్టినాను."

మునిరత్నం నోరు తెరిచేలోపే లోహిత దగ్గరికొచ్చి అత్త భుజాలు పట్టుకుంది. "ఎప్పుడత్తా?"

"ఇందాకనే పాపా. ఆవుల కాడ."

"ఇందాకనే అయితే చెయ్యి దాటిపోలేదు." ఫోన్ తీసుకుని, సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబరు కొట్టింది.

"పోలీసోళ్లకా?" మునిరత్నం ఉలిక్కిపడ్డాడు. "వద్దమ్మా, నలుగురికీ తెలిస్తే పరువు పోతాది."

ఆ ఇంటికొచ్చాక లోహిత మొదటిసారి గొంతు పెంచింది. "పరువు సంగతి తర్వాత చూద్దాం మామా. ఆలస్యం చేసేకొద్దీ డబ్బు ఇంకో ఖాతాకి దాటిపోతా ఉంటాది."

నిలబడే మాట్లాడింది. ఏ బ్యాంకు, ఏ నంబరు నుంచి ఫోనొచ్చింది, డబ్బు ఏ పేరుకు పోయింది, అన్నీ అడిగిందానికల్లా చదివి చెప్పింది. తర్వాత బ్యాంకుకు చేసి ఖాతాకు తాళం వేయించింది. మునిలక్ష్మి ఆమె వెనకాలే చీపురుపుల్లలా నిలబడి ఉంది. సాయంత్రానికి కబురొచ్చింది. సగానికి పైగా డబ్బు అవతలి బ్యాంకులో నిలిచిపోయిందట. చేతికి రావడానికి టైము పడుతుంది. మిగతాది చేజారినట్టే.

అప్పటికి గానీ మునిరత్నానికి అసలు ప్రశ్న తట్టలేదు. "అయినా నీకు చీరలు కరువా? అమ్మవారి చీర ఎవురికే?"

మునిలక్ష్మి తలొంచుకుంది. "సీమంతానికి పుట్టింటి చీర పెట్టల్ల కదా. తల్లి లేని పిల్ల. ఊళ్లోవాళ్లంతా వాళ్ల పుట్టింటోళ్లు యాడ అని అడిగితే, అమ్మవారే పంపించినాదని చెప్పుకోవచ్చనుకున్నాను."

లోహిత వెళ్లి అత్త పక్కన కూలబడి, ఆమె భుజంలో ముఖం దాచుకుని ఏడ్చింది. పెళ్లప్పుడు కూడా అంత ఏడవలేదు ఆ పిల్ల. మునిరత్నం తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయి, కాసేపటికి జామకాయలు కొనుక్కొచ్చి కోడలి ముందు పెట్టాడు. "పొద్దున తొందరపడినాను తల్లీ. మనసులో పెట్టుకోవాకు" అన్నాడు.

మర్నాడు మునిలక్ష్మి తనే ఫోన్ తెచ్చి కోడలి ఒళ్లో పెట్టింది. "ఈ అంగడి మర్మమేందో నాకు చెప్పు. ఇంకోసారి మోసపోతే నేను మనిషినే కాదు."

"మర్మమేం లేదత్తా. మీకు తెలిసిందే. తొందర పెట్టేవాడి కాడ మీరెప్పుడన్నా కొన్నారా?"

"కొంటానా? ఇప్పుడే తీసుకో, ఇంకొకరు అడగతా ఉండారు అన్నాడంటే సరుకు పుచ్చుదని అర్థం."

"ఫోన్లో కూడా అంతే. ముక్కూ మొహం తెలియనోడు పంపిన లింకు నొక్కొద్దు. కొత్త అంగడైతే సరుకు చేతికొచ్చినాకనే డబ్బు. ఇంకొకటి, పిన్ను కొట్టేది డబ్బు పోయేదానికే, వచ్చేదానికి కాదు. ఎవుడు కొట్టమన్నా ఫోన్ పెట్టేయండి."

"దేవుడి పేరు చెప్పినా?"

"దేవుడు ఫోన్ చేసి పిన్ను అడగడత్తా."

మునిలక్ష్మికి ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. కోడలు బుట్టలో పెట్టి వదిలేయడం, తను అంగడి మెట్టు దిగి నడవడం ఒకటేనని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ ఎగతాళి చేసింది తన విద్యనేనని సిగ్గుపడింది.

ఇక ఆ ఇద్దరూ కలిశాక బజారుకు దిక్కెవరు? లోహిత ఇంట్లో కూర్చుని నాలుగుచోట్ల ధరలు చూసి ఫోన్లో చెబుతుంది. మునిలక్ష్మి అంగట్లో నిలబడి దానికన్నా ఒక మెట్టు కిందికి దించుతుంది. గాజులు, పసుపు కుంకుమ పొట్లాలు, వంట సరుకులు, అన్నీ అట్లాగే వచ్చాయి. వచ్చిన పెట్టె ఏదైనా తెరవకముందే ఫోన్లో వీడియో తీయడం కూడా అత్తే నేర్చింది. సుబ్బన్న ఫోన్ చేసి, "అక్కా, మా ఇంట ఆడోళ్లు లేరు, చీర సంగతి నాకు తెలీదు. డబ్బు పంపిస్తాను, మీరే చూడండి" అన్నాడు. ఆ పట్టుచీరకు మునిలక్ష్మి అంగడి మెట్టు మూడుసార్లు దిగింది.

సీమంతం ఇంట్లోనే జరిగింది. మునిరత్నం అక్క వరలక్ష్మమ్మ పెద్దరికం తీసుకుంది. గిరిప్రసాద్ సెలవు పెట్టి వచ్చి ఆకులు వేస్తున్నాడు. పీట మీద లోహితను కూర్చోబెట్టి, గాజులు తొడిగి, వరలక్ష్మమ్మ గుమ్మం వైపు చూస్తూ పిలిచింది.

"పుట్టింటోళ్లు రండమ్మా. చీర పెట్టల్ల."

సుబ్బన్న గుమ్మం దగ్గర మామిడిపండ్ల బుట్టతో నిలబడి, ఎటు చూడాలో తెలియక నేల చూస్తున్నాడు. పక్కింటావిడ గొంతు సవరించుకుంది. మునిలక్ష్మి వెనకాల గోడకు ఆనుకుని, కళ్లు దించుకుని ఉంది.

"అత్తా" అంది లోహిత. "మిమ్మల్నే పిలస్తా ఉండారు."

"నేను మొగుడి తరపుదాన్ని కదే."

"ఆ తరపుకు నేనుండానులే" అంది వరలక్ష్మమ్మ. "పిల్ల పిలస్తా ఉంటే నిలబడి చూస్తావేందే? రా."

మునిలక్ష్మి వచ్చింది. పళ్లెంలోంచి చీర తీసింది. "నిన్ను దొంగ కింద నిలబెట్టిన రోజు కూడా నన్ను కాసినావు పాపా" అంది ఎవరికీ వినపడకుండా. "నీ రుణం నేనెట్ల తీర్చుకునేది?"

"చీర పెట్టండమ్మా" అంది లోహిత.

అమ్మా అన్న పిలుపు గిరిప్రసాద్ నోటి నుంచి తప్ప మునిలక్ష్మి ఎన్నడూ వినలేదు. ఆడపిల్ల గొంతులో అది ఎట్లా ఉంటుందో ఆమెకు అప్పుడే తెలిసింది. మడతలు చేతుల్లోంచి జారిపోతుంటే, లోహితే ఆ చేతులను చీరతో సహా పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది.