కిందికి దిగే తీగ

నేను గిటార్లు బాగుచేస్తాను. పద్దెనిమిదేళ్లుగా అదే పని. టైలర్ షాపుకీ కళ్లజోళ్ల షాపుకీ మధ్య ఇరుక్కున్న చిన్న గది నాది. ఈ పని నేర్పింది మా అన్నయ్య. తను బేస్ గిటార్ వాయించేవాడు. నాలుగే తీగలు, ఒక్కోటీ పెన్సిల్ ములుకంత లావు. పాటలో దాన్ని ఎవరూ ప్రత్యేకంగా వినరు. ఆగిపోయినప్పుడు మాత్రం పాట కాళ్ల కింద నేల లాగేసినట్టు ఉంటుంది. అందుకే బ్యాండులో అందరూ అన్నయ్యని 'పునాది' అనేవాళ్లు. "పునాదికి ఎవరూ రంగులెయ్యరే, చప్పట్లూ కొట్టరు" అని తనే నవ్వేవాడు.

అన్నయ్య పోయి నాలుగు నెలలైంది. వాళ్ల ఇంటి సెల్లార్‌లో తను సాధన చేసుకునే గది ఒకటుంది. ఒక శుక్రవారం పొద్దున పదకొండింటికి వదిన టీ తీసుకుని కిందికి వెళ్తే, కుర్చీలో కూర్చునే ఉన్నాడట. గిటార్ ఒళ్లోనే ఉంది. కుడి చెయ్యి తీగల మీద, ఎడం చెయ్యి చివరన తీగ బిగించే కీ మీద. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. ఆ కీ మీది వేళ్లు విడదీయడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చారు. ట్యూన్ చేసుకుంటూ పోయాడు, మంచి చావే అనుకున్నాం.

నాకు మాత్రం ఒక ముల్లు మిగిలిపోయింది. అంతకు రెండు రోజుల ముందు తను ఫోన్ చేశాడు. "చిన్నీ, ఒకసారి రావే. గిటార్ కిందికి దిగిపోతోంది. నువ్వు వింటే గానీ నాకు నమ్మకం కుదరదు" అన్నాడు. తీగలు పాతబడి ఉంటాయిలే అన్నయ్యా, ఆదివారం వస్తా అన్నాను. శుక్రవారమే వెళ్లాల్సి వచ్చింది. అప్పటికి ఇల్లంతా చుట్టాలే.

ఈసారి ఫోన్ చేసింది వదిన.

"పాప వాళ్ల నాన్న గిటార్ నేర్చుకుంటానని పట్టు పట్టింది చిన్నీ. రెండుసార్లు కిందికెళ్లి వాయించింది కూడా. తీగలు మరీ వేలాడుతున్నాయట, వేలికి ఏమీ తగలట్లేదంటోంది. మామూలుగా చేసి పెట్టవా?"

"షాపుకి పంపించు వదినా."

"యాంప్ స్పీకరు కిందుంది కదా. దాన్ని పైకి మొయ్యాలంటే నలుగురు కావాలి. నువ్వే రా. అన్నం తిని పని చేసుకుందువుగాని."

భోజనాలయ్యేసరికి రెండున్నర. బయట వాన పట్టుకుంది. మా మేనకోడలికి పదమూడేళ్లు. చెయ్యి కడుక్కోకుండానే నా పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బయల్దేరబోయింది. లెక్కల పరీక్ష పెట్టుకుని ఎక్కడికి అంటూ వదిన దాని జడ పట్టుకుని ఆపేసింది. నేను ఒక్కదాన్నే మెట్లు దిగాను.

చిన్న గది. కిటికీ లేదు. శబ్దం బయటికి పోకుండా నాలుగు గోడలకీ నల్లటి ఫోమ్ పలకలు అతికించి ఉన్నాయి. రెండేళ్ల కిందట అన్నయ్య తన చేత్తోనే అతికించాడు. తలుపు వేసుకుంటే వాన చప్పుడు ఎవరో కత్తిరించేసినట్టు ఆగిపోయింది. అలాంటి గదుల్లో మన చెవులే మనకి వినిపిస్తాయి. మింగితే గుటక వినిపిస్తుంది. యాంప్ ఆన్ చేశాను. లోపల గాజు ట్యూబులు ఎర్రబడుతుంటే వాటి మీది దుమ్ము కాలుతున్న వాసన వచ్చింది. చిన్నప్పట్నుంచీ నాకు ఆ వాసనంటే అన్నయ్యే.

పెట్టె తెరిచి గిటార్ ఒళ్లో పెట్టుకున్నాను. నేనెరిగిన గిటార్ కాదది. అన్నయ్య ఎప్పుడూ నున్నటి తీగలు వాడేవాడు. చేతికి పట్టులా జారతాయి, దిండు మీద గుద్దినట్టు గుండ్రటి శబ్దం వస్తుంది. ఇప్పుడున్నవి నా చిటికెనవేలిలో సగమంత లావు, బాగా కింది స్వరాలకి తప్ప ఎవరూ ఎక్కించనివి. వాటిని పట్టించడానికి తీగలు కూర్చునే గాడుల్ని ఆకురాయితో అరగదీసి వెడల్పు చేశాడు. అంత శుభ్రమైన చేతిపని ఉన్న మనిషి, అక్కడ మాత్రం ఎవరో తరుముతున్నట్టు అడ్డదిడ్డంగా గీకేశాడు.

లావు తీగని మీటాను. వదులు తీగ మీద వాయించడం తడి తాడు లాగడం లాంటిది. వేలు లోపలికి దిగిపోతుంది, శబ్దం ఆలస్యంగా వస్తుంది, తీగ ఊగి ఊగి గిటార్ మెడ మీది లోహపు ఫ్రెట్లకి కొట్టుకుని బుసకొడుతుంది. కానీ ఇది బుసకొట్టలేదు. చెవికి ఏమీ వినిపించలేదు. యాంప్ మీద పెట్టిన చిన్న స్క్రూ మాత్రం దానంతటదే జరుగుతూ వెళ్లి అంచు మీంచి కింద పడింది.

శ్రుతి కొలిచే ట్యూనర్ పెట్టి చూశాను. ముల్లు అంత కిందికి కొలవలేక అటూ ఇటూ కొట్టుకుంది.

ఇది పిల్ల చేతికి ఇచ్చేది కాదనుకున్నాను. ఆ తీగలన్నీ విప్పేసి మామూలు నున్నటి తీగలు కొత్తవి ఎక్కించాను. గాడుల్ని పూడ్చి సరిచేశాను. మెడలో దాగి ఉండే ఉక్కు కడ్డీని పావు చుట్టు తిప్పి వంపు సరిచేశాను. మెల్లగా బిగించుకుంటూ నాలుగు తీగల్నీ వాటి మామూలు స్థాయికి తెచ్చాను. వాయించి చూస్తే ప్రాణం లేచొచ్చింది. అదే గుండ్రటి గొంతు. వేళ్లని తీగలు ఆనే బ్రిడ్జి దగ్గరికి జరిపితే గట్టిగా, పొడిగా. మెడ వైపు జరిపితే మెత్తగా, వెచ్చగా. కళ్లు తడిసినా చేతులు ఆపలేదు.

అరగంట వాయించాక లావు తీగ శ్రుతి తగ్గినట్టు అనిపించింది. కొత్త తీగ సాగుతుంది, మామూలే. బిగించాను. కాసేపటికి మళ్లీ దిగింది. ఈసారి కీ వెనక మరని బిగించి, దాని మీదే కన్ను వేసి కూర్చున్నాను.

కీ తిరుగుతోంది.

గడియారంలో పెద్ద ముల్లు ఎంత నెమ్మదిగా కదులుతుందో అంత నెమ్మదిగా. చూస్తూ ఉంటే ఆగినట్టే ఉంటుంది. ఒకసారి రెప్ప వేసి చూస్తే కొంచెం జరిగి ఉంటుంది.

అప్పుడే ఆ ఊపు విన్నాను.

మేం ట్యూన్ చేసేది ముఖ్యంగా ఊపు విని. రెండు స్వరాలు దగ్గరగా ఉండి కలవకపోతే వాటి మధ్య ఒక ఊపు పుడుతుంది... వూం, వూం, వూం అని. తేడా తగ్గేకొద్దీ ఊపు నెమ్మదిస్తుంది. కలిసిపోయిన క్షణాన ఆగిపోతుంది. దానికి రెండు స్వరాలు ఉండి తీరాలి. నేను మోగిస్తున్నది ఒకటే తీగ. మిగతా మూడూ నా అరచేతి కింద నొక్కిపెట్టి ఉన్నాయి.

యాంప్‌లోంచి వచ్చే గురగుర అనుకుని దాన్ని ఆపేశాను. ఊపు ఆగలేదు. గిటార్ చెక్కకి ఛాతీ ఆనించాను. తీగది ఒక స్వరం. రెండోది ఎక్కడో కుడిపక్క గోడ వైపు నుంచి. నోరు మూసుకుని ముక్కుతో తీసే కూనిరాగంలా ఉంది. మనిషి గొంతు అంత కిందికి దిగదు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

పగలు నాలుగు గంటలు. పైన వానలోనైనా వెలుతురు ఉండి ఉంటుంది. ఆ గదిలో మాత్రం కళ్లు తెరిచినా మూసినా ఒకటే. ట్యూబులు చల్లబడుతూ టిక్... టిక్... మంటున్నాయి. నేను తీగ మీంచి వేలు తీసేశాను.

తీగ మోగుతూనే ఉంది.

వూం... వూం...

ఎవరూ మీటట్లేదు. ఆ గొంతుకి తీగ పలుకుతోంది. నా వేళ్ల కింద కీ తిరుగుతోంది. ఊపు నెమ్మదిస్తోంది...

వూం...

వూం...

అన్నయ్య ఎడం చెయ్యి గుర్తొచ్చింది. కీ మీద బిగుసుకుపోయిన వేళ్లు. తను ట్యూన్ చేసుకోవట్లేదు. కీ తిరగకుండా పట్టుకున్నాడు. ఎంతసేపు పట్టుకున్నాడో. ఏ గంటలో చెయ్యి అలిసిపోయిందో. ఒక్కడే కూర్చుని.

రెండు చేతులతో కీ పట్టుకున్నాను. దాని బలం ఎక్కువేం కాదు. చిన్నపిల్ల చెయ్యి లాగినంత. కానీ ఆగదు. నేను వెనక్కి ఎంత తిప్పితే అది ముందుకి అంత తిరుగుతుంది. తొందరేమీ లేదు దానికి.

తలుపు కిర్రుమంది. మెట్ల మీది బూడిద రంగు వెలుతురు సన్నగా లోపలికి పడింది. వదిన. వెనక పాప.

"చిన్నీ..." వదిన గొంతు గుసగుసగా వచ్చింది. "నీతోపాటు ఎవరు పాడుతున్నారు?"

"పాపని పైకి తీసుకెళ్లు వదినా."

"ఎవరే..."

"తీసుకెళ్లు. లోపలికి రానివ్వకు."

పాప నన్ను చూడట్లేదు. కుడిపక్క గోడ వైపే చూస్తోంది. దాని పెదాలు మూసుకునే ఉన్నాయి, గొంతు దగ్గర మాత్రం చర్మం చిన్నగా అదురుతోంది. వదినకి ఏం కనిపించిందో ఏమో, పిల్ల నోరు అరచేత్తో మూసేసి, వెనక్కి ఈడ్చుకుంటూ మెట్లెక్కేసింది.

ఎడం చేత్తో కీ పట్టుకుని కుడిచేత్తో సంచీ తడిమాను. స్క్రూడ్రైవర్. ఆకురాయి. వైరు చుట్ట. కట్టర్ దొరకదేం...

వూం.......

వూం..........

దొరికింది. తీగని రెండు దవడల మధ్య పెట్టి నొక్కాను. తీగ తెగి చెంప మీద కొరడాలా తగిలింది. నెత్తురు మెడ మీదికి దిగడం తెలుస్తోంది. మిగతా మూడు తీగల్నీ కూడా కోసేశాను.

ఊపు ఆగిపోయింది. గొంతు ఆగలేదు.

కాసేపు అక్కడే నిలిచింది. తర్వాత మెల్లగా కదిలింది. కొంచెం పైకి... ఇంకొంచెం పైకి... ఆగి... మళ్లీ కిందికి. అది ఏం చేస్తోందో నాకు తెలుసు. పద్దెనిమిదేళ్లుగా నేను చేసే పనే. జత కలిసే స్వరం కోసం వెతుకుతోంది. ఊపిరి బిగబట్టాను. గొంతులోంచి చిన్న మూలుగు వచ్చినా దానికి అందుతుందనిపించింది. గిటార్‌ని నేల మీద పడుకోబెట్టి, చేతులతో తడుముకుంటూ, పెదాలు పళ్ల మధ్య నొక్కిపెట్టుకుని తలుపు దాకా వచ్చాను. తొమ్మిది మెట్లు. ఆఖరి మెట్టు మీదికి వచ్చాకే ఊపిరి వదిలాను.

పాప వంటింటి గట్టు మీద కూర్చుని నీళ్లు తాగుతోంది. వదిన దాని వీపు నిమురుతోంది. కింద ఏం విన్నావని పాపని అడిగితే, తను అసలు కిందికే రాలేదంది.

ఆ రాత్రికి వాళ్లిద్దర్నీ మా ఇంటికి తీసుకొచ్చేశాను. చెంప మీద రెండు కుట్లు పడ్డాయి. తీగ తెగిందని డాక్టరుకి చెప్పాను. అది అబద్ధం కాదు.

తర్వాత వచ్చిన గురువారం తాపీమేస్త్రీని పిలిపించాం. గోడలు గీకించి, సున్నం వేయించి, గదికి తాళం పెట్టేద్దామన్నది వదిన ఆలోచన. నేను కూడా వెళ్లాను. తలుపు బార్లా తెరిచి, రెండు పెద్ద దీపాలు పెట్టించి, మెట్ల మీదే నిలబడ్డాను. మేస్త్రీ మంచి మాటకారి. మీ అన్నయ్య జిగురు ఇలా దట్టించేశాడేంటమ్మా, విమానం రెక్కలు అతికించినట్టు, అని నవ్వుతూ ఒక్కో ఫోమ్ పలకనీ ఉలితో లేపుతున్నాడు. ఎడమ గోడ అయింది. ఎదుటి గోడ అయింది. కుడి గోడ దగ్గర అతని మాటలు ఆగిపోయాయి.

"అమ్మా, ఒకసారి ఇలా రండి."

మెట్టు దిగి తొంగి చూశాను. ఎన్నేళ్లుగానో ఒకే చోట కుర్చీ వేసుకుని గోడకి తల ఆనించే మనుషుల ఇళ్లలో ఉంటుందే, నూనె మరక, అలాంటిది. కూర్చున్న మనిషి తల ఎత్తులో, గుండ్రంగా, నల్లగా, నున్నగా మెరుస్తోంది. జిగురు కింద, గోడ మీద. అంగుళం పట్టని ఫోమ్ వెనక. రెండు మరకలు, పక్కపక్కన. ఒకటి పాతదై పగుళ్లు పట్టింది. రెండోది అన్నయ్య కూర్చుంటే తల ఆనే ఎత్తులో ఉంది.

మేస్త్రీ రెండోదాని మీద బొటనవేలు ఆనించి, వేలు దీపానికి దగ్గరగా పెట్టి చూసుకుని, పంచెకి తుడుచుకున్నాడు.

"ఇది ఇంకా తడిగానే ఉందమ్మా" అన్నాడు. "వెచ్చగా కూడా ఉంది."