మడత ఫోను లోపలి పొర

శ్రావణి బ్యాగు సర్దుతోంది.

నాలుగు జతల బట్టలు. దువ్వెన. ఛార్జరు. డిగ్రీ సర్టిఫికెట్లున్న ప్లాస్టిక్ ఫైలు. జిప్పు సగం వరకు వచ్చి ఆగిపోయింది.

గుమ్మంలో నిలబడ్డ ఎస్సై రూప్లి వాచీ చూసుకుంది. పదకొండూ నలభై.

"ఎక్కడికి?"

"ఊరికి మేడం. దుమ్ముగూడెం అవతల. ఒంటిగంటన్నరకు భద్రాచలం బస్సుంది."

"ఎవరు పొమ్మన్నరు?"

"బాబాయి."

సొంత బాబాయి కాదు. అశ్వారావుపేట మెయిన్ రోడ్డులో మొబైల్ షాపు నడిపే వెంకటరామారావు. శ్రావణి ఆ షాపులో నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. చేరిన మొదటి రోజే ఆయన అన్నాడు, సార్ అనొద్దమ్మా, బాబాయ్ అను అని. ఆయన భార్య సీతారావమ్మను పిన్ని అనమన్నాడు. మధ్యాహ్నం అన్నం వాళ్ళింటి క్యారియర్‌లోదే.

"ఏమని పొమ్మన్నడు?"

"పోలీసోళ్ళు అడుగుతరు, నేను సర్దిచెప్తా, నువ్వు కొన్నాళ్ళు ఊళ్ళో ఉండు అన్నడు. కేసేం లేదన్నడు."

రూప్లి లోపలికొచ్చి మంచం అంచున కూర్చుంది.

"నిన్న పదకొండున్నరకు స్టేషన్‌కొచ్చి కంప్లయింట్ ఇచ్చిండు. అనుమానితురాలి పేరు దగ్గర నీ పేరు రాసిండు. ఆయన సొంత దస్తూరీ."

శ్రావణి చేతిలో ఉన్న చున్నీని మడత పెట్టింది. విప్పింది. మళ్ళీ మడత పెట్టింది.

"ఇయ్యాల నువ్వు బస్సెక్కితే ఏమైతదో తెలుసా? పరారీ అని నేనే రాయాల్సొస్తది. అది రాసినంక నువ్వు దొంగవే. రేపు ఏ ఉద్యోగానికి పోయినా దొంగవే."

"నేను తియ్యలే మేడం."

"తియ్యలేదని నిరూపించాలె. గంటా యాభై నిమిషాలుంది. చెప్పు."

పోయింది మడత ఫోను. పుస్తకంలా తెరుచుకునేది. షోకేసులో పెట్టమని రెండు నెలల కింద కంపెనీ వాళ్ళు పంపిన పీసు. ఊళ్ళో అందరూ వచ్చి తెరిచారు, మూశారు. ఒక్కరూ కొనలేదు.

షోకేసు తాళాలు రెండు. ఒకటి వెంకటరామారావు దగ్గర. ఒకటి శ్రావణి దగ్గర. ఆదివారం రాత్రి తొమ్మిదికి చివరిసారి చూశానని ఆయన రాశాడు. సోమవారం పది గంటలకు చూస్తే లేదు. నిన్న పన్నెండుకు రూప్లి వెళ్ళి షాపంతా వెతికింది. కానిస్టేబుల్ కోటేష్ చెత్తబుట్ట కూడా కవర్లోకి వంచి లిస్టు రాసుకున్నాడు. ఏమీ దొరకలేదు.

"నిన్న షాపుకు ఎన్నింటికి పోయినవ్?"

"తొమ్మిదిన్నరకు."

"షట్టరు ఎవరు తీసిండ్రు?"

"నేను పోయేసరికే తీసి ఉంది. బాబాయి లోపల కూసున్నడు."

"రోజూ గంతేనా?"

"కాదు. రోజూ నేను పోయి బయట నిలబడ్తా. ఆయన పదింటికి గాని రాడు."

"ఆదివారం రాత్రి ఆ ఫోను ఎవరు చూసిండ్రు?"

"రామ్‌చందర్ సారు. ఆయిల్‌పామ్ నర్సరీ ఆయన. పదకొండోసారి వచ్చిండు. ఎనిమిదింటికి."

"కొనడానికేనా?"

"అడగడానికే." ఆ పరిస్థితిలో కూడా శ్రావణి పెదవి చివర కొంచెం కదిలింది. "మధ్యల గీత కనపడ్తదేంది అంటడు. తోటల దుమ్ము మడతలకు పోతే ఏందంటడు. టెంపర్డ్ గ్లాసు వేస్తవా అంటడు. దీనికి వెయ్యొద్దు సార్, లోపల కంపెనీ పొర ఉంటది, అదే కాపాడ్తది, కవరనుకొని పీకితే స్క్రీన్ పోతది అని పదకొండుసార్లు చెప్పిన. వచ్చినోళ్ళందరికీ చెప్పిన. మనోళ్ళు కొత్త వస్తువు మీద ప్లాస్టిక్ కనపడంగనే గోటితో లేపుతరు గదా."

రూప్లి లేచి నిలబడింది.

"ఆ పొర ఎట్లుంటది?"

"పల్చగ. నిలువుగ మధ్యల గీత ఉంటది, ఫోను మడిచే తాన."

రూప్లి ఫోను తీసి స్టేషన్‌కు కలిపింది. "కోటేష్, నిన్నటి చెత్త లిస్టు చదువు."

అవతల కాగితం చప్పుడు. "టీ కప్పులు మూడు. బిల్లు ముక్కలు. బంతిపూల రెక్కలు, కొన్ని అక్షింతలు. అగ్గిపుల్లలు. ప్లాస్టిక్ షీటు ఒకటి, స్క్రాప్ అని రాసినం మేడం."

"ఆ షీటు మధ్యల గీత ఉందా?"

కవరు విప్పుతున్న చప్పుడు. "ఉంది మేడం. ఓ మూల పచ్చగ వేలిముద్ర గూడ ఉంది."

రూప్లి తనను తానే తిట్టుకుంది. నిన్న ఆ షీటును తన చేత్తోనే పట్టుకుంది. మొబైల్ షాపులో ప్లాస్టిక్ షీటు వింతేముంది అనుకుంది.

"షాపు చెత్త ఎవరు ఎత్తుతరు శ్రావణీ?"

"దూలయ్య. రోజూ రాత్రి తొమ్మిదింటికి, మేము తాళం వేసే ముందు."

"బ్యాగు పట్టుకో. షాపుకు పోదాం."

*

పన్నెండూ ఇరవై అయిదు.

షట్టరు సగానికి దించారు. కౌంటరు వెనక వెంకటరామారావు. స్టూలు మీద సీతారావమ్మ. గోడ దగ్గర రూప్లి పిలిపించిన రామ్‌చందర్, చెప్పులకు ఎర్రమట్టి. తలుపు దగ్గర బ్యాగు పట్టుకుని శ్రావణి. ఆమెను చూడగానే వెంకటరామారావు ముఖం కౌంటరు వైపు తిప్పుకున్నాడు.

"నువ్వింకా వెళ్ళలేదేంటమ్మా?" అన్నాడు మెల్లగా.

"నేనే ఆపిన." రూప్లి రామ్‌చందర్ వైపు తిరిగింది. "పదకొండుసార్లు వచ్చినవట. ఎందుకు కొనలే?"

"భయం మేడం. విరుగుద్దేమో, గీత పడుద్దేమో. రిపేరుకు హైదరాబాద్ పోవాల్నట. ఊళ్ళ ఇంకోడు కొంటే ఆర్నెల్లు చూసి కొందామనుకున్న."

"ఇంకోడు నీకోసం చూస్తున్నడేమో."

"అవ్, అట్లనే ఉన్నట్టుంది," అని ఒప్పుకున్నాడు రామ్‌చందర్.

"ఆదివారం వెళ్ళేటప్పుడు ఫోను ఎక్కడుంది?"

"ఆ పిల్లే నా చేతులకెళ్ళి తీసుకొని తాళం వేసింది. తొడుక్కోని చొక్కాను చూసినట్టు చూస్తున్నవ్ సార్ అని నవ్వింది గూడ."

రూప్లి సీతారావమ్మ పక్కన కూర్చుంది.

"అమ్మా, నిన్న కార్తీక సోమవారం గదా. షాపులో దీపం పెట్టినరా?"

"పెట్టకుండా ఉంటానా తల్లీ. తెల్లవారి ఆరింటికే వచ్చాను."

వెంకటరామారావు తలెత్తాడు. "సీతా, నీకెందుకు ఇప్పుడు..."

"ఆమెను చెప్పనియ్యండి. ఫోనుకు కూడా బొట్టు పెట్టినరా అమ్మా?"

"పెట్టాను. రెండు నెలల నుంచి ఊరంతా దాన్ని తెరుస్తున్నారు, మూస్తున్నారు. దిష్టి తగిలిందేమో, అమ్ముడుపోవట్లేదు అనుకున్నాను. ఇంట్లో ఈయన తాళాల గుత్తి నేనే తీసుకొచ్చి, షోకేసు తెరిచి, ఫోను దేవుడి ముందు పెట్టాను. లోపల ఇంకా కవరు తియ్యలేదు. కవరు మీద బొట్టు పెడితే అది వస్తువుకు పెట్టినట్టవుతుందా? నెమ్మదిగా లాగితే వచ్చేసింది. పసుపు, కుంకుమ పెట్టి, నాలుగు అక్షింతలు లోపల వేసి మూశాను."

"బియ్యపు గింజల మీద మూసినవా అమ్మా?" రామ్‌చందర్ నోరు తెరిచాడు. "అయిపాయె."

"ఏమైంది? తప్పా?"

శ్రావణి తల వంచుకుంది.

"తర్వాత ఎక్కడ పెట్టినరు?"

"షోకేసులోనే. ఎనిమిదిన్నరకు ఈయన వచ్చారు. పూజ చేశానని చెప్పాను. నువ్వు ఇంటికెళ్ళు, నేను చూసుకుంటానన్నారు. ఆ తర్వాతే కదా ఎవరో తీసింది."

రూప్లి, కోటేష్ స్టేషన్ నుంచి పంపిన కవరు తీసి కౌంటరు మీద పెట్టింది. అందులో పల్చటి పొర. మధ్యలో గీత. మూలన పసుపు.

"ఇది నిన్న మీ చెత్తబుట్టలో దొరికింది. ఆదివారం రాత్రి తొమ్మిదికి బుట్ట ఖాళీ చేసినరు. అంటే ఇది ఆ తర్వాత పడ్డది. ఈ ఊళ్ళో ఈ పొర పీకకూడదని తెలిసిన మనిషి ఎవరన్నా ఉంటే శ్రావణే. ఆమె పీకదు. అమ్మ పీకింది, తెలియక. సోమవారం ఆరున్నరకు ఫోను ఈ షాపులోనే ఉంది. వెంకటరామారావు గారూ, మీరు ఎనిమిదిన్నరకు అమ్మను పంపించినరు. శ్రావణి తొమ్మిదిన్నరకు వచ్చింది. మధ్యల గంటసేపు ఇక్కడ ఎవరున్నరు?"

ఆయన తుండుతో మెడ తుడుచుకున్నాడు.

"మీ కంప్లయింట్లో ఆదివారం రాత్రే చివరిసారి చూసినట్టు రాసినరు. సోమవారం పూజ మాట ఎందుకు దాచినరు?"

ఆయన కౌంటరు మీది బిల్లు పుస్తకాన్ని పక్కకు జరిపాడు.

"దొంగ మంచి ఫోను ఎత్తుకపోతడు. పాడైన ఫోనును దాచిపెట్టే అవసరం ఒక్కరికే ఉంటది. నిన్న షాపంతా వెతికిన. కంప్లయింట్ ఇచ్చినాయన డ్రాయరు మాత్రం వెతకలేదు. అది నా తప్పు. కింది డ్రాయరు తియ్యండి."

ఆయన తాళం తిప్పి డ్రాయరు లాగాడు. తుండుగుడ్డలో చుట్టిన ఫోను. రూప్లి తెరిచింది. ఒకవైపు నల్లగా. మధ్యలో సిరా ఒలికినట్టు మరక. మడతలో ఒక పచ్చటి గింజ ఇంకా ఇరుక్కునే ఉంది.

సీతారావమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది.

"నన్నడగాల్సింది కదండీ," అంది. "నా చేతి తప్పని నేనే చెప్పేదాన్ని. ఆ పిల్ల పేరు ఎందుకు రాశారు?"

"మనవల్ల పగిలిందంటే కంపెనీ వాళ్ళు మన ఏజెన్సీ తీసేస్తారు సీతా. దొంగతనమైతే ఎఫ్ఐఆర్ చూపిస్తే ఇంకోటి పంపుతారు." ఆయన శ్రావణి వైపు చూడకుండానే మాట్లాడాడు. "నిన్ను జైల్లో వేయించాలని కాదమ్మా. నీ ఊరు అడవిలో ఉంది. వెళ్ళిపోతే ఎవరూ అంత దూరం వచ్చి వెతకరనుకున్నాను. అందుకే బస్సెక్కమన్నాను."

శ్రావణి షోకేసు తాళం చెవి తీసి కౌంటరు మీద పెట్టింది.

"నాలుగేండ్లు మీ క్యారియర్ల అన్నం తిన్న," అంది. "నాకు జరమొస్తే పిన్ని రాత్రంతా నా పక్కన కూసుంది. మీరు దవాఖానాకు తీస్కపోయిండ్రు. నేను పోతే ఎవలూ వెతకరని ఎప్పటిసంది తెలుసు మీకు?"

ఆయన ఫోను చుట్టిన గుడ్డను తీసి మడత పెట్టసాగాడు.

రూప్లి అక్కడే కూర్చుని స్టేట్‌మెంట్ రాయించింది. తప్పుడు ఫిర్యాదు మీద కేసు నమోదవుతుందని వెంకటరామారావుకు చెప్పింది. శ్రావణి పేరు కొట్టేసిన కాగితం మీద ఆమె చేత సంతకం పెట్టించింది. అప్పటికి ఒంటిగంటా పది.

సీతారావమ్మ లేచొచ్చి బ్యాగు పట్టీ పట్టుకుంది. "ఇంక ఎందుకమ్మా వెళ్ళడం? నీ పేరు శుభ్రమైంది కదా. నా మొహం చూసైనా ఉండు."

శ్రావణి ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడిపించింది. మెత్తగానే విడిపించింది. పసుపు ఆమె చేతికీ కొంచెం అంటింది.

"నీ మీద నాకేం లేదు పిన్నీ."

"మరి ఎప్పుడొస్తావు?"

శ్రావణి షట్టరు కింద నుంచి వంగి బయటకు వెళ్ళింది.

రూప్లి బస్టాండు దాకా వెంట నడిచింది. బ్యాగు ఎత్తి లోపలికి అందించింది. ఇప్పుడు నిన్ను ఎవరూ పరారీ అనరు, ఇష్టమైనప్పుడు రావచ్చు అంది. శ్రావణి తలూపింది. కిటికీ పక్క సీటు దొరికింది.

శ్రావణి అశ్వారావుపేట వదిలింది 2024 నవంబరు 12, మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంటా ముప్పై ఎనిమిదికి. మళ్ళీ రాలేదు.